వేషానికి పెట్టింది వేషమే తినాలి

1971 సెప్టెంబరు ఒకటో తేదీన శ్రీ కొబీనా ఎసుమాన్ గారు సెకొండి ప్రాంతీయ భాషా కార్యాలయంలో క్షేత్ర సహాయకులుగా ఉద్యోగంలో చేరారు. ఆనాడు ఈ కార్యాలయానికి ఉన్న ఆస్తి రెండు గదులు, ఒక సైకిలు, ఇంకా మొదటి పుట కూడా మొదలుకాని, మా ఫాంటే భాషకు ఒక నిఘంటువు. 2007 ఆగస్టు 31న ఆయన పదవీ విరమణ చేస్తున్న ఈ శుభ సందర్భంలో వారి సేవలన్నిటినీ వరుసగా పేర్కొనడం నాకు సాధ్యం కాదు. ఆ నిఘంటువులో ఒక్క మాటకు న్యాయమైన అర్థం దక్కడం కోసం ఆయన చేసిన సుదీర్ఘ ప్రయత్నాన్ని మాత్రం చెప్పగలను. నా దృష్టిలో అదే ఆయన ఉద్యోగ జీవితం.

ఈ వీడ్కోలు సంచికకు వ్యాసం రాసే గౌరవం కార్యాలయంలో అందరికన్నా చిన్నదాన్నయిన నాకు దక్కింది. నాకు పెళ్లై మూడు నెలలే అయింది. "దానికిప్పుడు వానలో తడిసినా ఆనందమే, పొగడ్తలో సగం తీసేసి చదువుకోండి" అని మా సీనియర్ సహోద్యోగి శ్రీమతి ఎకువా ఎజిర్ గారు ముందుగానే అందరినీ హెచ్చరించారు. పాఠకులు అలాగే చదువుకోవచ్చు. సగం తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు.

మేనమామను పిలిచే పిలుపుతో మేమంతా ఆయనను 'వోఫా' అంటాం. తొలి సంవత్సరాలలో వోఫా గారు సైకిలు మీద షామా నుంచి ఆక్సిమ్ వరకు తీరమంతా తిరిగి జాలరుల మాటలు, వలల పేర్లు, గాలుల పేర్లు సేకరించారు. అప్పటి మా అధికారి కీర్తిశేషులు శ్రీ బెంట్సిల్ గారు పెట్టిన నియమం ఒకటి ఈనాటికీ అమలులో ఉంది. అడిగి చెప్పించుకున్న అర్థాన్ని మా కార్యాలయం స్వీకరించదు. దీన్నేమంటారని జాలరిని అడిగితే మర్యాద కోసమో, వదిలించుకోవడం కోసమో ఏదో ఒకటి చెబుతాడు. వల లాగుతూ పక్కవాడితో అతడు అన్నదే మాకు సాక్ష్యం. ఈ నియమం వల్ల వోఫా గారు ఎన్ని పడవలెక్కారో, ఎంత ఉప్పునీరు తాగారో ఆయన సతీమణి శ్రీమతి అరాబా గారికే తెలుసు.

నిఘంటువు చిత్తుప్రతిలో వేషధారిని తెలిపే మా మాటకు మొదట ఒకే అర్థం రాశారు: "లేనిది ఉన్నట్టు చూపువాడు, కపటి." ఆ అర్థం చర్చిలో ప్రసంగాల నుంచి, బడి పుస్తకాల నుంచి వచ్చింది. వోఫా గారు స్వయంగా చర్చిలో ప్రసంగించేవారు. ఆ అర్థంలో ఆ మాటను వేదిక మీద నుంచి అనేకసార్లు వాడినవారు. అయినా ఆ పుట ఆయనకు నచ్చలేదు. అదే మాట పెద్దల సభలో నాయకుని తరఫున నిలబడి మాట్లాడేవానికి గౌరవంగా వాడతారు. ఊరూరా తిరిగి నాటకాలాడే కాన్సర్టు బృందాలవారు తమ వృత్తిని ఆ మాటతోనే చెప్పుకుంటారు. అన్నం పెట్టే పనికి నిఘంటువులో తిట్టు ఒక్కటే అర్థంగా నిలబడితే ఆ పని చేసేవాళ్లు ఏమైపోవాలన్నది ఆయన ప్రశ్న. బెంట్సిల్ గారు బడి మాట, బైబిలు మాట ఉండగా ఇంకేం కావాలన్నారట.

"ఆ పనితో బతికేవాళ్ల మాట కావాలండి" అన్నారు వోఫా.

"తీసుకురా. కానీ అడిగి తేకు."

ఆ రెండు ముక్కల ఆజ్ఞను నెరవేర్చడం అనుకున్నంత సులభం కాలేదు. వోఫా గారు కాన్సర్టు బృందాల వెంట పడ్డారు. ప్రేక్షకుల వెనక వరసలో కూర్చుని ఎన్ని ఆటలు చూసినా ఆయనకు కావలసిన మాటలు చెవిన పడలేదు. ఆ మాటలు తెర వెనక మాటలు. వేషం లేనివానికి తెర వెనక్కి ప్రవేశం లేదు. ఆ రోజుల్లో తీరమంతటా పేరున్న బృందం ఎజ్యా అకోన్ గారిది. ఎజ్యా అంటే తండ్రి. వయసును బట్టి అందరూ ఆయనను అలా పిలిచేవారు. మా కాన్సర్టులలో స్త్రీ వేషాలన్నీ మగవారే కట్టేవారు, అకోన్ గారు అత్త వేషానికి ప్రసిద్ధులు. ఆయన అత్తగా అరిస్తే ముందు వరసలోని కోడళ్లు నిజంగానే తల వంచుకునేవారని ప్రతీతి. వోఫా గారు ఆయన దగ్గరకు వెళ్లి తన అవసరం చెప్పుకున్నారు.

"చూడు కొబీనా, తెర ఇవతలివాడు టికెట్టు కొంటాడు. తెర అవతలివాడు ముఖానికి పొడి రాసుకుంటాడు. నువ్వెటు?" అని అడిగారు అకోన్ గారు.

"పొడి ఇవ్వండి" అన్నారు వోఫా.

అది 1983. మా పెద్దలు ఇప్పటికీ పేరెత్తడానికి ఇష్టపడని సంవత్సరం. వానలు లేవు, పొలాలు తగలబడ్డాయి, అంగళ్లు ఖాళీ. మనుషుల మెడ కింద ఎముకలు బయటపడితే వాటికి గొలుసులని పేరు పెట్టి నవ్వుకున్న కాలం. అకోన్ గారి బృందంలో భార్య వేషం కట్టే యువకుడు పని వెతుక్కుంటూ పొరుగు దేశంలోని అబిజాన్ వెళ్లిపోయాడు. భర్త గనులకు పోయి మరొకతెతో కాపురం పెట్టగా, పిల్లలతో ఆకలికి అలమటించే ఇల్లాలి వేషం అది. ఆటకు ప్రాణం ఆ వేషమే. దానిని గంభీరమైన కంఠం, దట్టమైన మీసం గల ప్రభుత్వోద్యోగి, చర్చి ప్రసంగీకుడు అయిన శ్రీ ఎసుమాన్ గారు స్వీకరించారు. మీసం తీసేశారు. చీర వంటి నిలువు గుడ్డ, రవిక, తలగుడ్డ శ్రీమతి అరాబా గారివి.

"నా గుడ్డ కట్టుకుని ఏడవబోతున్నారు. నా పరువు పోకుండా ఏడవండి" అని ఆమె దగ్గరుండి ముడి వేసి పంపారట. ఈ మాట ఆమె నాకు స్వయంగా చెప్పారు. చెబుతున్నప్పుడు ఆ ముడి ఎలా వేశారో గాలిలో చేతులు తిప్పి చూపించారు. ముప్పైఆరేళ్ల సేవను గురించి ఎవరు ఏం చెప్పినా నాకు ముందు ఆ చేతులే గుర్తొస్తాయి.

కిరసనాయిలు దొరకని ఆ ఏడాది ఆటలు పగలే ఆడేవారు. షామాలో ఒక బడి ఆవరణలో, ఆదివారం ప్రార్థనల తరువాత ఆట మొదలైంది. వోఫా గారు చక్కగానే ఏడ్చారని చూసినవారందరూ అంగీకరిస్తారు. మా కాన్సర్టులలో అనాదిగా ఒక ఆచారం ఉంది. వేదిక మీద దుఃఖంలో ఉన్న పాత్రను చూసి తట్టుకోలేని ప్రేక్షకులు లేచి వచ్చి, చేతిలో నాణెమో, తినుబండారమో పెట్టి ఓదార్చి వెళతారు. ఆరోజు ముందు వరసలో నుంచి ఒక తల్లి లేచి వచ్చింది. కొంగున కట్టుకున్న అరటాకు పొట్లం విప్పింది. అందులో పులిసిన మొక్కజొన్న పిండితో ఉడికించిన కెంకే, సగం ముద్ద. ఆమె మెడ కింద గొలుసులు వోఫా గారికి స్పష్టంగా కనిపించాయి. ఆ సగం ముద్ద ఆమె సాయంత్రానికి దాచుకున్నదని ఆయనకు అర్థమైంది.

దయగల మనిషి, నియమాలు పాటించే ఉద్యోగి చేసే పనే ఆయన చేశారు. తన సొంత కంఠంతో, "వద్దమ్మా, మీరే తినండి. నేను ప్రభుత్వోద్యోగిని, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు" అన్నారు.

ఆ తల్లి చేయి చాపినది చాపినట్టే ఉంచి ఆయన ముఖంలోకి చూసింది.

"మరి ఇందాకటి నుంచి ఏడ్చిందెవరు?" అంది.

వెనక వరసల్లో గొణుగుడు మొదలైంది. ఆకలే లేనిదానికోసం మా కళ్లు తడిపించారా అని ఒకరు, టికెట్టు సొమ్ము తిరిగి ఇమ్మని ఒకరు. అంతలో తెర వెనక నుంచి అత్త వేషంలో అకోన్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని బయటికి వచ్చారు.

"చూశారా ఊరివాళ్లూ, ఆకలి ఎంత పని చేసిందో. నా కోడలికి మతి చలించి ప్రభుత్వోద్యోగినంటోంది. ఉద్యోగమే ఉంటే నా ఇంట్లో దీనికి ఈ గతి ఎందుకు పట్టేది? తినవే దిక్కుమాలినదానా. పెట్టే చేతిని ఎండలో నిలబెట్టకు."

ఆవరణ పగలబడి నవ్వింది. వోఫా గారు నేల మీద కూర్చుని ఆ సగం ముద్దను అందరి ఎదుటా చివరి మెతుకు వరకు తిన్నారు. ఆ తల్లి పక్కనే కూర్చుని ఆయన వీపు నిమిరింది. అప్పుడు కారిన కన్నీళ్లలో తన ప్రమేయం ఏమీ లేదని వోఫా గారు అంటారు. ఆట ముగిశాక, తెర వెనక, ఆయన సిగ్గుతో తలగుడ్డ విప్పుతూ ఉండగా అకోన్ గారు ముఖం కడుక్కుంటూ చెప్పారు: "వేషానికి పెట్టింది వేషమే తినాలి. నువ్వు వద్దనడానికి అది నీకు పెట్టింది కాదు. ఆవిడ తన ఇంట్లో తిండి పెట్టలేని ఎవరికో పెట్టుకుంది."

ఆ పక్కనే వాయిద్యాలు సర్దుకుంటున్న ఇద్దరు కళాకారులు తమలో తాము మాట్లాడుకుంటున్నారు. పొద్దున వీడు వేషం తొడుక్కున్నాడంతే, మొయ్యలేదు అన్నాడు ఒకడు. ఇప్పుడు తిన్నాడు అన్నాడు రెండోవాడు. ఎవరూ అడగకుండా, ఎవరికోసమూ కాకుండా, పని మధ్యలో దొర్లిన మాటలు అవి. కొత్తగా చేరినవాడు వేషాన్ని తొడుక్కుంటాడు, పాఠం ఒంటబట్టినవాడు మోస్తాడు, జనం నమ్మి పెట్టినదాన్ని కాదనకుండా పుచ్చుకున్నవాడు తింటాడు. ఒక వృత్తి తన మర్యాదను తానే కొలుచుకునే మాటలు ఇవి. మరునాడు ఉదయం అవి సాక్ష్యాలతో సహా బెంట్సిల్ గారి బల్ల మీద ఉన్నాయి. ఆయన చదివి, మీసం లేని తన సహాయకుని ముఖం వైపు చాలాసేపు చూసి, సంతకం చేశారు. చర్చి పెద్దలు మాత్రం కొన్నాళ్ల పాటు వోఫా గారిని ప్రసంగానికి పిలవలేదు. మీసం పెరిగాక పిలిచారు.

అక్కడి నుంచి నిఘంటువు ఒక్కొక్క అక్షరమే ముందుకు సాగింది. కాగితం లేని సంవత్సరాలు, జీతాలు ఆలస్యమైన సంవత్సరాలు అన్నీ వచ్చి వెళ్లాయి. 1996లో బెంట్సిల్ గారి మరణానంతరం వోఫా గారు ఈ కార్యాలయానికి ఇన్‌చార్జి అధికారి అయ్యారు. పదకొండేళ్లూ ఇన్‌చార్జిగానే ఉన్నారు, స్థిరపరిచే ఉత్తర్వు రాలేదు. మా భాషలో ఇన్‌చార్జిని "ఒకరి అడుగుజాడల్లో నిలబడినవాడు" అంటాం. మేనమామ పీఠానికి వారసుడిగా వచ్చిన మేనల్లుణ్ణీ అదే మాటతో చెబుతాం, మరొకరు వదిలివెళ్లిన వేషాన్ని అందుకున్న నటుణ్ణీ అదే మాటతో చెబుతాం. ఉత్తర్వు ఎప్పుడు వస్తుందని ఎవరైనా సానుభూతి చూపబోతే, బెంట్సిల్ గారి అడుగుజాడలు పెద్దవని, అవి నింపేసరికే తనకు సరిపోతోందని వోఫా గారు నవ్వేవారు.

పని విషయంలో నవ్వు ఉండేది కాదు. నేను చేరిన కొత్తలో ఒక మాటకు సొంతంగా ఒక అందమైన వాక్యం ఉదాహరణగా రాసి చూపించాను. ఎవరన్నారు ఇది అని అడిగారు. నేనే అన్నాను. "నువ్వు బాగా మాట్లాడతావు తల్లీ, కానీ నిన్ను మనం సేకరించడం లేదు" అని కాగితం తిరిగి ఇచ్చారు. మూడు వారాలు చేపల బజారులో కూర్చున్నాక నాకు దొరికిన వాక్యం అంత అందంగా లేదు. దానికి ఆయన నాకు వేయించిన అరటికాయ ముక్కలు కొనిపెట్టారు.

మొన్న మే నెలలో నా నిశ్చయ తాంబూలానికి వరుని పక్షం తరఫున మాట్లాడే పెద్దగా వోఫా గారే వచ్చారు. మా మేనత్తలు ఆచారం ప్రకారం ముందు వేరొక అమ్మాయికి నిలువునా గుడ్డ కప్పి, ఇదే మీ పిల్ల అని తెచ్చి నిలబెట్టారు. వోఫా గారు ముసుగు ఎత్తనే లేదు. "ఈ పిల్ల పాదాలు నిదానంగా ఉన్నాయి. మాది ఈపాటికి గుమ్మం దాటి పరుగెత్తుకొచ్చేది" అన్నారు. లోపలి గదిలో నేను నిజంగానే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను.

ఇక ఈ సంవత్సరపు విషయం. నిఘంటువు ముద్రణకు సిద్ధమవుతుండగా రాజధాని అక్రాలోని సంపాదక మండలి పుటలు తగ్గించాలని నిర్ణయించింది. తీసివేయదగిన వాటిలో మొదటిది కాన్సర్టు మాటల విభాగం. అది పోతే వేషధారి అన్న మాటకు తిరిగి పాత అర్థం ఒక్కటే మిగులుతుంది. జూన్‌లో మండలి అధ్యక్షులు డాక్టర్ క్వాన్సా గారు స్వయంగా మా కార్యాలయానికి విచ్చేశారు. ఆయన సౌమ్యులు, వోఫా గారి పట్ల నిజమైన గౌరవం గలవారు. కాన్సర్టు బృందాలే లేని ఈ కాలంలో ఆ మాటలు ఎవరు వెతుకుతారని అడిగారు. కుదించిన ప్రతి మీద వోఫా గారు సంతకం చేస్తే రెండేళ్ల పదవీకాల పొడిగింపు, దానితోపాటు ఇన్నాళ్లూ రాని స్థిర నియామకం ఇప్పించగలనని చెప్పారు. ఇది లంచం కాదు, ఆ పనిని ఆయన చేతుల మీదుగానే పూర్తి చేయించాలనే సదుద్దేశం. గదిలో మేమందరం ఉన్నాం. వోఫా గారి చిన్న కుమార్తె నర్సింగు చదువు ఇంకా పూర్తి కాలేదని మాకందరికీ తెలుసు. పొడిగింపు అవసరం ఆయనకు లేదని ఎవరూ అనలేరు.

వోఫా గారు అతిథికి మంచినీళ్లు తెప్పించారు. ఆయన తాగే వరకు ఆగారు.

"డాక్టరు గారూ, అకోన్ మనవరాలు ఇక్కడే బళ్లో పాఠాలు చెబుతోంది. రేపు పిల్లలు ఆ మాటకు అర్థం వెతికి, వాళ్ల టీచరమ్మ ఎదుటే కపటి అని చదువుతారు. ఆ పుట కింద నా సంతకం ఉండదు. రెండేళ్లు కాదు, రెండు రోజులు కూడా నాకు వద్దు."

డాక్టర్ క్వాన్సా గారు నొచ్చుకోలేదు. మీ తరువాత వచ్చేవారిని అడగవలసి ఉంటుందన్నారు, బాధగా. తన బల్ల దగ్గర ప్రూఫులు దిద్దుకుంటున్న శ్రీమతి ఎకువా ఎజిర్ గారు తల ఎత్తకుండానే బదులిచ్చారు.

"ఆ వచ్చేది నేనేనండి. ఇంకా చిన్నవాళ్లను అడిగి చూడండి."

ఆయన చూపు బల్లల మీదుగా ప్రయాణించి నా దగ్గరకు వచ్చింది. నాకన్నా చిన్నవారు ఈ కార్యాలయంలో లేరు. నేను తల అడ్డంగా ఊపాను. డాక్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మరో గ్లాసు మంచినీళ్లు అడిగి, వెళ్లిపోయారు.

ఆ తరువాత వారాలు గడిచాయి, మండలి నుంచి మాట లేదు. వోఫా గారు ప్రతిరోజూ వేళకు వచ్చి, ఆ విభాగం ఎలాగూ ముద్రణకు వెళుతుందన్నట్టే అక్షరం అక్షరం దిద్దుతూ కూర్చున్నారు. దిద్దినదాన్ని మళ్లీ దిద్దారు. మేమూ ఆయనతో పాటు దిద్దాం. ఆగస్టు మధ్యలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కుదించిన ప్రతి మీద సంతకం చేసేవారు ఎవరూ లేరని మండలి ఒప్పుకుందని, నిఘంటువును ఏ విభాగమూ తీసివేయకుండా ముద్రణకు పంపమని డాక్టర్ క్వాన్సా గారు చెప్పారు. వోఫా గారు ధన్యవాదాలు చెప్పి ఫోను పెట్టేసి, ఆ పుట ప్రూఫు చేతిలోకి తీసుకుని, నన్ను వెంట రమ్మని బడికి బయలుదేరారు.

కుమారి అకోన్ వరండాలోకి వచ్చి, నిలబడే చదివింది. ఒకటి: ప్రజల ఎదుట మరొకరి బతుకును మోసి చూపే కళాకారుడు, ఇది వృత్తి. రెండు: మరొకరి స్థానంలో నిలిచి మాట్లాడేవాడు. మూడు: లేనిది ఉన్నట్టు చూపువాడు. మొదటి అర్థం పక్కన సాక్ష్యంగా ఆమె తాతగారి పేరు ఉంది. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టింది.

"మమ్మల్ని బళ్లో చేర్చేటప్పుడు ఇంటిపెద్ద వృత్తి ఏమిటని అడిగితే తాత వ్యవసాయమని చెప్పేవారు" అంది. "ఆయనకు గజం నేల కూడా లేదండి."

ఈ కాగితం తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగింది. ఇది ప్రూఫు మాత్రమేనని, ఇందులో తప్పులుండవచ్చని, అచ్చుపుస్తకం వచ్చాక తానే తెచ్చి ఇస్తానని వోఫా గారు చెప్పారు. ఆమె కాగితాన్ని గుండెకు ఆనించుకుని తిరిగి ఇవ్వలేదు, ఆయనా చేయి చాపలేదు. లోపలికి వెళ్లి నల్లబల్ల మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి, మొదటి అర్థాన్ని పిల్లల చేత గట్టిగా చదివించింది. వోఫా గారు కిటికీ బయట చేతులు వెనక్కి కట్టుకుని, పిల్లలందరూ చదవడం అయ్యే వరకు నిలబడి విన్నారు.

మాన్యులు శ్రీ కొబీనా ఎసుమాన్ గారికి కాళ్లలో సత్తువ, కంటిలో చూపు, వేయించిన చేపను ముల్లుతో సహా నమలగల పన్ను చిరకాలం నిలవాలని, శ్రీమతి అరాబా గారితో కలిసి మునిమనవల పెళ్లి తాంబూలాలలో కూడా ఆయనే ముందు నిలబడి మాట్లాడాలని, ఈ నిఘంటువు రెండో కూర్పు, మూడో కూర్పు వెలువడిన ప్రతిసారీ సంపూర్ణ ఆరోగ్యంతో మా గుమ్మంలోకి వచ్చి, మేము చేసిన తప్పులు పట్టుకుని మమ్మల్ని చీవాట్లు పెట్టాలని, సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.

అబా టవియా
పద సేకరణ విభాగం, సెకొండి